పెదనాన్న ఎక్కించిన నలభై రికార్డులు

మా పెదనాన్న ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. ఒక్కనాడూ ఎవర్నీ దారి అడగలేదట, అదొక గొప్ప ఆయనకు. రిటైరయ్యాక కంప్యూటర్ దగ్గర కూడా అదే పద్ధతి.

మావయ్య, అంటే మా పెద్దమ్మ తమ్ముడు, సంగీతం మాస్టారు. తన నలభై గ్రామఫోను రికార్డుల్నీ కాలేజీ లైబ్రరీకి ఇచ్చేస్తూ, ముందుగా వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని పెదనాన్నకు అప్పగించాడు. "జాగ్రత్త బావా, ఇవి నా ప్రాణం" అన్నాడు. నేను సాయం చేస్తానంటే పెదనాన్న కస్సుమన్నాడు.

"ఒక వైరు, రెండు బటన్లు. దీనికి నువ్వెందుకే?"

నెల రోజులు హాల్లో రికార్డు తిరగడం, తెర మీద పచ్చగీతలు ఎగరడం, వాటిని చూసి ఆయన మురిసిపోవడం. నేను గొంతు తగ్గించి మాట్లాడితే నవ్వాడు. "గట్టిగానే మాట్లాడు. పాట వైర్లోంచి పోతుంది, మన గోల దాన్లోకి రాదు." ఇంకేం, పెద్దమ్మ తన పనులు తను నిక్షేపంగా చేసుకుంది. ఎక్కించినవాటిలో ఒక్కటి కూడా ఆయన తిరిగి వినలేదు. రికార్డులు లైబ్రరీకి వెళ్ళిపోయాయి.

ఆదివారం మావయ్య వచ్చి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. మొదటి పాట మొదలైంది. దాంతోపాటు వాషింగ్ మెషీను గుడగుడ. ఆపైన పెద్దమ్మ గొంతు: "ఏవండీ, తడి తువ్వాలు మళ్ళీ మంచం మీదేనా?"

నాకు విషయం అర్థమైంది. వైరు తగిలించాడు గానీ, వైరు నుంచి తీసుకోమని కంప్యూటర్‌కు చెప్పలేదు. అది తన సొంత మైకుతో హాలు హాలంతా ఎక్కించుకుంది. రెండో పాటలో డోర్‌బెల్. మావయ్య పెదవి బిగించాడు. పెదనాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. అంత మనిషి అలా ముడుచుకుపోతే నాకే ఏడుపొచ్చింది.

మూడో పాటలో ఇంకో ఆడగొంతు కలిసింది. సన్నగా, గాయని వెంటే, శ్రుతి తప్పకుండా. మావయ్య ముందుకు వంగి సౌండు పెంచాడు.

"అక్కా, ఇది నువ్వేనా? ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నీకు పాఠం చెప్పడానికి మాస్టారు వచ్చేవారుగా. తలుపు వెనక గిన్నెలు తోముతున్నదెవరనుకున్నావు?" అంది పెద్దమ్మ.

మావయ్య కళ్ళు తుడుచుకుని, "లైబ్రరీ నుంచి రికార్డులు మళ్ళీ నేను తెస్తాను బావా. ఇవి మాత్రం చెరిపావో, ఊరుకోను" అన్నాడు.

పెదనాన్నకు ప్రాణం లేచొచ్చింది. "అసలు నేను కావాలనే..." అని ఎత్తుకోబోయాడు. పెద్దమ్మ చేత్తో ఆపింది.

"ముందు ఆ మూడోది మళ్ళీ పెట్టండి. చరణంలో ఒకచోట తాళం జారాను, ఎక్కడో చూసుకోవాలి."