చాచా అడిగిన మాట

కోరుట్లలో సైకిళ్లు బాగుచేసే చాచా, పెడల్ చేత్తో తిప్పుతూ గొలుసు దగ్గర చెవి పెట్టి వినేవాడు. ఒక కంపెనీ గేరు మీటతో మరో కంపెనీ వెనక గేర్లు పనిచేయవని గ్రంథాలయంలో చదివి, నా సైకిల్‌కు అలాగే బిగిస్తున్న ఆయనతో వాదించాను.

"గా పుస్తకానికి చెవులున్నయా బేటా?" అని నవ్వి, గేరు వైరును వెనక బోల్టుకు అవతలి వైపు బిగించాడు. ఏడు గేర్లూ చప్పుడు లేకుండా పడ్డాయి. అయినా వెళ్లినప్పుడల్లా ఏదో ఒక తప్పు పట్టేవాణ్ని. అది ఆయనకు ఇష్టం.

మొన్న వానాకాలం అదే సైకిల్ గొలుసు టకటకమంటుంటే తీసుకెళ్లాను. చాలాసేపు బిగించి, విని, "ఇప్పుడు మంచిగైందా?" అన్నాడు. చప్పుడు అలాగే ఉంది. ఆయనకు వినపడటం లేదని అర్థమై, "మంచిగైంది చాచా" అన్నాను.

"ఎన్నడన్న తప్పు పట్టకుంట పోయినవా నువ్వు?" అంటూ పానాను గుడ్డలో చుట్టేశాడు. మర్నాటి నుంచి దుకాణం తెరవలేదు.

నిజం చెప్పి ఉంటే, ఆయన చేతులతో, నా చెవులతో ఆ గొలుసు కుదిరేది.