ఫిలూరా ఏ పొలంలో పడుకుంది?

నెబ్రాస్కా బీళ్ళలో ఫిలూరా హాస్కెట్ ఇల్లు ఒకరోజు తనంతట తానే లేచి, ఒళ్ళు విరుచుకుని, మైలు దూరం నడిచి వెళ్ళి, అక్కడ గాలి బాగుందని కూర్చుండిపోయింది. లోపల ఫిలూరా మంచం మీదే ఉంది. పొయ్యి మీది కాఫీ చుక్క కూడా ఒలకలేదు.

సరే, మైలు కాదు. వంద గజాలు ఉంటుందేమో. తనంతట తాను కూడా కాదు, పద్దెనిమిది ఎద్దులు లాగాయి. కాఫీ కొంచెం ఒలికింది. ఇంతకంటే తగ్గించి చెప్పడం మాత్రం కుదరదు. ఇంకా తగ్గిస్తే ఆ ఇంటికి అన్యాయం చేసినట్టవుతుంది.

ఫిలూరా ఆ బీళ్ళలో పుట్టిన మనిషి కాదు. మాసచుసెట్స్‌లో ఏటి ఒడ్డున ఉన్న ఒక బట్టల మిల్లులో పదకొండేళ్ళు నాలుగు మగ్గాలు చూసింది. గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, గంట కొడితే పడుకోవడం. ఆ రోజుల్లో మిల్లు ఆడవాళ్ళంతా కలిసి పని పది గంటలకు తగ్గించమని సర్కారుకి అర్జీ రాశారు. మొదటి సంతకం ఎవరు పెడతారని అందరూ నేల చూపులు చూస్తుంటే ఫిలూరా పెట్టింది. రెండోది ఆమె పక్క మగ్గం థర్జా పెల్ పెట్టింది. మేస్త్రీ పిలిచి, పేరు కొట్టేస్తే ఊరుకుంటానన్నాడు.

"పెట్టిన సంతకం ఎలా కొట్టేస్తానండీ? అది నేనే కదా పెట్టింది" అంది ఫిలూరా, నిజంగానే అర్థం కాక.

ఆ వారమే ఇద్దరికీ పని పోయింది. చుట్టుపక్కల ఏ మిల్లులోనూ వాళ్ళ పేర్లు విన్నాక తలుపు తీయలేదు. అప్పుడే పడమటి బీళ్ళలో సర్కారు భూములు పంచుతోందని తెలిసింది. ఇరవై ఒక్క ఏళ్ళు దాటిన పెళ్ళికాని ఆడదానికి కూడా నూట అరవై ఎకరాలు. పానీ తెగ ఆదివాసులు తరతరాలుగా తిరిగిన నేల అది. వాళ్ళని మెల్లమెల్లగా దక్షిణానికి తోసేసి, కాగితం మీద గళ్ళు గీసి, గడికో నంబరు వేశారు. షరతు ఒక్కటే. ఐదేళ్ళు ఆ గడిలో ఇల్లు కట్టుకుని, దున్నుకుని, అక్కడే ఉండాలి. ఆ తర్వాత భూముల ఆఫీసులో తను ప్రమాణం చేసి, ఇద్దరు సాక్షుల చేత చేయిస్తే పట్టా ఇస్తారు. లేకపోతే ఐదేళ్ళ చెమటా గాలికి పోయినట్టే.

థర్జాది పడమటి గడి, ఫిలూరాది తూర్పు గడి. మధ్యలో ఒకటే హద్దు. చెట్టనేది కనపడని ఆ చోట పలకలు కొని రెండిళ్ళు కట్టడం ఎవరి తరమూ కాదు. అందుకని పక్కపక్క పొలాల వాళ్ళు హద్దు మీద ఒకే ఇల్లు కట్టుకుని, ఎవరి పక్క వాళ్ళ పొలంలో వేసుకోవడం అక్కడ మామూలు. వీళ్ళూ అలాగే కట్టారు. రెండు పెద్ద దుంగల మీద ఒకే గది. గది మధ్యలో నేల మీద నీలం రంగుతో గీత. గీతకి తూర్పున ఫిలూరా మంచం, పడమర థర్జా మంచం, సరిగ్గా గీత మీద ఇనప పొయ్యి.

"ఒసే ఫిలూరా, నా పొలంలో కాళ్ళు పెట్టకు, పంట తొక్కేస్తావు" అనేది థర్జా, చెప్పులు వెతుక్కుంటూ గీత దాటినప్పుడల్లా.

"నీ పంట ఏదే? మొన్న మిడతలు తినగా మిగిలింది ఆ చీపురొక్కటే కదా."

అసలు గొడవంతా ఆ గీత ఎక్కడ గీయాలన్న దగ్గరే మొదలైంది. సర్కారు సర్వేవాళ్ళు మైలుకి ఒకచోట మట్టి కుప్ప పోసి, అందులో ఒక గుంజ పాతి వెళ్ళిపోయారు. మధ్యలో హద్దులు జనమే కొలుచుకోవాలి. కొలతకి గొలుసు ఎవరి దగ్గర ఉంటుంది? బండి చక్రానికి ఎర్ర గుడ్డ పీలిక కట్టి, అది ఎన్నిసార్లు పైకి వస్తే అన్ని చుట్లని లెక్కపెట్టేవారు. రెండు వందల చుట్లయితే అర మైలు. అర మైలైతే ఒక పొలం. పడమటి కుప్ప దగ్గర బయలుదేరి థర్జా బండి తోలింది, ఫిలూరా చక్రం పక్కన నడుస్తూ లెక్కపెట్టింది. పదకొండేళ్ళు దారాలు లెక్కపెట్టిన మనిషి కనుక తప్పు రాదని ఇద్దరికీ నమ్మకం. రెండు వందలు అనగానే బండి ఆపారు. అక్కడే ఇల్లు.

ఐదో ఏడు వసంతంలో ప్రమాణం తేదీ పత్రికలో పడింది. ఇంక మూడు వారాలుంది. మొదటి సాక్షి పొరుగున ఉన్న ముసలి ఓబెడ్ క్రాండల్. ఆ బీళ్ళలో అందరికీ ఆయన బాబాయే. ఆయన ఒక ఉదయం తన బండి వేసుకుని వచ్చాడు, చక్రానికి గుడ్డ పీలిక కట్టి ఉంది.

"ఏంటి బాబాయ్ ఇది?" అంది థర్జా.

"ప్రమాణం చేసేది నేను కదమ్మాయ్. బైబిలు మీద చెయ్యి పెట్టి తెలీని మాట చెప్పమంటావా? ఒక్కసారి కొలిచేసుకుంటే నా మనసు కుదుటపడుతుంది."

కొలిచాడు. రెండు వందల చుట్లు పూర్తయ్యేసరికి ఆయన బండి ఇల్లు దాటి, దొడ్డి దాటి, ఇంకా నలభై గజాలు తూర్పుకి వెళ్ళి ఆగింది.

ముగ్గురూ వెనక్కి తిరిగి ఇంటివైపు చూశారు. ఆ లెక్కన ఇల్లంతా థర్జా పొలంలోనే ఉంది. అంటే ఫిలూరా ఐదేళ్ళుగా ఒక్కరోజు కూడా తన నేల మీద పడుకోలేదు.

"నీ చక్రం పెద్దది బాబాయ్" అంది థర్జా.

"రెండు వేళ్ళు పెద్దదేమో. రెండు వేళ్ళకి ఇంత దూరం వస్తుందా?"

వస్తుందో రాదో ఎవరికీ తెలియలేదు. వాళ్ళ బండితోనే మళ్ళీ కొలిచారు. ఈసారి గుడ్డ పీలిక రెండు వందలోసారి పైకి వచ్చేసరికి ఇల్లు ఇంకా ముప్పై గజాల ముందుంది. ఆ లెక్కన ఇల్లంతా ఫిలూరాది, నిలువ నీడ లేనిది థర్జా. పోనీ అని తూర్పు కుప్ప నుంచి వెనక్కి కొలిచారు. హద్దు కోళ్ళ గూటి మధ్యలోంచి పోయింది. కోడి గుడ్లు పెట్టేది ఒకరి పొలంలో, పడుకునేది ఇంకొకరి పొలంలో అని తేలింది. సర్వేయరు ఆకులు రాలే కాలం దాకా ఆ వైపు రాడు. అసలు మొదట తను లెక్కపెట్టింది రెండు వందలేనా, మధ్యలో గుంత దగ్గర థర్జా ఏదో అడిగితే నూట డెబ్బై అన్న అంకెని రెండుసార్లు అందా? ఫిలూరాకి ఆ గుంత గుర్తుంది. థర్జా అడిగిన మాట గుర్తుంది. అంకె మాత్రం గుర్తులేదు.

"ఎవరడుగుతారే అక్కడ! అవునండీ అనెయ్. సంతకం పెట్టెయ్. ఇంటికి వచ్చెయ్" అంది థర్జా.

"ఎక్కడ పడుకున్నానో నాకే తెలీకుండా ఎలా అంటానే?"

"మంచం మీద పడుకున్నావు!"

"ఆ మంచం ఎక్కడుంది?"



ఈ గందరగోళంలో ఫిలూరాకి చలిజ్వరం వచ్చింది. దుప్పటి కప్పుకుని వణుకుతూ ఆలోచించింది, ఆలోచించినకొద్దీ గది తిరిగింది. చివరికి ఓబెడ్ బాబాయే దారి చెప్పాడు. మూడు లెక్కల్లో ఎక్కువ నమ్మదగింది తనదే కనుక, ఇల్లు లాగి తన బండి ఆగిన గుర్తు దగ్గర పెడదామన్నాడు. జరిగిన ఐదేళ్ళ సంగతి దేవుడికి వదిలేసినా, కనీసం ప్రమాణం చేసే రోజుకి ఇల్లు ఉండాల్సిన చోట ఉంటుంది. ఇళ్ళు లాగడం అక్కడ వింతేం కాదు. రైలు ఎటు వస్తే అటు ఊళ్ళకి ఊళ్ళే లాక్కుపోయిన జనం వాళ్ళు. ప్రార్థన మందిరానికి వచ్చే రైతులంతా కలిసి తొమ్మిది జతల ఎద్దులు తెచ్చారు. దుంగలకి గొలుసులు తగిలించారు.

"అమ్మాయ్ ఫిలూరా, దుప్పటితో సహా బయటికి రా తల్లీ. ఎండలో కూర్చో" అన్నాడు ఓబెడ్, గుమ్మంలోంచి తొంగి చూసి.

"నేను రాను బాబాయ్."

"ఇల్లు లాగుతున్నామే!"

"అందుకే రాను. ఐదేళ్ళూ ఎడతెగకుండా ఇంట్లోనే ఉండాలని కాగితంలో ఉంది. నేను బయటున్నప్పుడు ఇల్లు కదిలితే తెగిపోదూ?"

ఓబెడ్ ఆ మాట బయటివాళ్ళకి చెప్పాడు. రైతులు టోపీలు తీసి తలలు గోక్కున్నారు. న్యాయం ఏమిటో తెలియకపోయినా, ఆ మాటలో ఏదో ఉందనిపించింది. అయితే థర్జా నివాసం కూడా తెగకూడదు కదా అన్నారెవరో. ఆమె కూడా లోపలికి వచ్చి తన మంచం మీద కూర్చుంది, రెండు చేతులతో కాఫీ గిన్నె పట్టుకుని.

ఎద్దులు కదిలాయి. ఇల్లు మూలిగింది. కిటికీలోంచి బీడు మెల్లగా వెనక్కి జరుగుతుంటే ఫిలూరాకి జ్వరమో, భయమో, నవ్వో తెలియలేదు.

"ఒసే, ఇప్పుడు ఎవరి పొలంలో ఉన్నామే?" అంది.

"నేనేం చెప్పను! కాఫీ మాత్రం నీ పొలంలో పడింది."

ఓబెడ్ గుర్తు దగ్గరికి రాగానే బయట కేకలు మొదలయ్యాయి. మరీ ముందుకి వచ్చిందని కొందరు, చాలదని కొందరు. వెనక్కి లాగాలంటే ఎద్దుల్ని అటువైపు కట్టాలి. కట్టారు. లాగారు. మళ్ళీ ముందుకి అన్నారు. మూడోసారి ఒకవైపు గొలుసు తెగి, రెండోవైపు ఎద్దులు ఆగకుండా పోయేసరికి ఇల్లు గుండ్రంగా తిరిగింది. తిరిగి తిరిగి, ఆయాసపడ్డ మనిషిలా ఆగింది. ఇంక ఏ జతా అడుగు వేయనంది. రైతులు మొక్కజొన్న రొట్టెలు తిని, చేతులు దులుపుకుని, ఎద్దులు తోలుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే జ్వరం దిగిన ఫిలూరా లేచి తలుపు తీసింది. ఐదేళ్ళుగా ఆ తలుపు తీస్తే ఎండ మొహం మీద పడేది. ఇప్పుడు పడలేదు. వెనక్కి తిరిగి చూస్తే వెనక గోడ కిటికీలోంచి ఎండ థర్జా మంచం మీద పడుతోంది.

"థర్జా, లే! సూర్యుడు నీ వైపు ఉన్నాడు!"

థర్జా కళ్ళు నులుముకుంది. ఆలోచిస్తే, ఇల్లు తిరిగిపోయింది కనుక తూర్పున ఉన్న మంచం థర్జాది, పడమరనున్నది ఫిలూరాది. అంత మంది రైతులు, అన్ని ఎద్దులు పనిచేసి ఎవరి మంచాన్ని వాళ్ళది కాని పొలంలోకి చేర్చాయి. ఇద్దరూ మంచాలు మార్చుకున్నారు. మార్చాక, అసలు హద్దు గది మధ్యలోంచే పోతోందా అని థర్జా అడగబోయింది. ఫిలూరా చెవులు మూసుకుంది.

ప్రమాణం రోజున భూముల ఆఫీసు ముందు జనం బారు వీధి దాకా ఉంది. లోపల గుమస్తా కళ్ళజోడు ముక్కు చివరికి జారగా, తల ఎత్తకుండా అడిగాడు.

"ఈ అయిదేళ్ళూ ఆ పొలంలో ఉన్న ఇంట్లోనే నివాసం ఉన్నావా?"

అవునండీ అనడానికి ఫిలూరా నోరు తెరిచింది. నూట అరవై ఎకరాలు కళ్ళ ముందు కదిలాయి, దున్నిన నేల, తవ్విన బావి, ఇక పట్టా రాకపోతే తిరిగి వెళ్ళడానికి ఏ మిల్లూ లేదన్న సంగతి. అయినా మొదటి నుంచి మొదలుపెట్టింది. ఎర్ర గుడ్డ పీలిక, గుంత, ఓబెడ్ చక్రం, కోళ్ళ గూడు, జ్వరం, పద్దెనిమిది ఎద్దులు, తెగిన గొలుసు, తిరిగిన ఇల్లు, మార్చిన మంచాలు.

"అందుకని అయ్యా, ఇల్లు నాతో ఉందా, నేను ఇంటితో ఉన్నానా, మేమిద్దరం ఆ పొలంలో ఉన్నామా అన్నది నాకు తెలీదు. ఉండాల్సింది ఇల్లా, నేనా, మంచమా అన్నది మీరు చెబితే, దానికి తగ్గట్టు చెబుతాను."

గుమస్తా కలం గాలిలో ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. వెనక బారులోంచి ఎవరో, "భోజనాల వేళయింది, తేల్చవయ్యా" అని అరిచారు. ఆయన ఓబెడ్ వైపు చూశాడు.

"ఏమయ్యా సాక్షీ, ఆమె ఇల్లు ఆమె పొలంలో ఉందా?"

"నేను బయలుదేరేటప్పటికి ఉందండీ" అన్నాడు ఓబెడ్.

గుమస్తాకి నవ్వు ఆగలేదు. ఈ ముసలాయనా, ఈవిడా కలిసి తనని ఆటపట్టిస్తున్నారనుకున్నాడు. ఇళ్ళు నడిచే కథలు ఆ ఆఫీసులో రోజూ నాలుగు వినేవాడు, కానీ ఇంత నిజాయితీ మొహంతో చెప్పినవాళ్ళు లేరు.

"బాగా నవ్వించావమ్మా. ఇంక చాలు" అంటూ కాగితం మీద 'అవును' అని తనే రాసి, ఆమె ముందుకి తోశాడు. "సంతకం పెట్టు. ఇకమీదట ఎవరడిగినా ఇందులో ఉన్నదే నీ మాట. అర్థమైందా?"

ఫిలూరాకి అర్థం కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది, ఆయన నమ్మలేదు. నమ్మలేదు కనుక భూమి ఇస్తున్నాడు. ఇందులో తన తప్పెక్కడుందో వెతికింది, దొరకలేదు. వెనక బారు మళ్ళీ అరిచింది. కలం తీసుకుంది. పెట్టిన సంతకాన్ని ఎన్నడూ వెనక్కి తీసుకోని మనిషి ఆ కాగితం మీద సంతకం పెట్టింది.

పట్టా ఏడాది తర్వాత వచ్చింది. థర్జాకీ వచ్చింది. ఆపైన ముప్పై ఏళ్ళు ఇద్దరూ ఆ ఇంట్లోనే, ఆ గీతకి చెరోవైపే ఉన్నారు. ప్రార్థన మందిరం విందుల్లో ఎవరైనా నడిచిన ఇంటి కథ ఎత్తితే, ఫిలూరా చేతిలో గరిటె అలాగే పట్టుకుని, రెప్ప వేయకుండా చెప్పేది.

"ఇల్లు కదలడమేంటి? ఇళ్ళు కదులుతాయా? కట్టిన చోటే ఉంది. ఎద్దులూ లేవు, గొలుసులూ లేవు. నాకు చలిజ్వరమే రాలేదు. ఓబెడ్ బాబాయ్ మా పొలం కొలవలేదు, ఆయనకసలు బండే లేదు. మీరు విన్నదాంట్లో ఒక్క ముక్క కూడా జరగలేదు."