మూడో పాట ఎవరిది

దేవునికి స్తోత్రం. పాటలన్నీ ఆయన దయచేసినవే.

మొన్న అల్మరాలో అన్నయ్య గిటార్ బ్యాండు తొలి క్యాసెట్ దొరికింది. అప్పట్లో అట్ట మీద వేసే పేర్లు తొమ్మిదేళ్ల నాచేత రాయించి, చూడకుండానే ప్రెస్సుకిచ్చాడు. పాడినవాడిదే పాట అనుకుని, అన్నిటికీ రచన అన్నయ్యదేనని రాశాను.

క్యాసెట్ విడుదలైన ఆదివారం ఏలూరు చర్చిలో పాస్టరుగారు అట్ట చదువుతుంటే పెదపాడు మరియమ్మగారు లేచారు. మూడో పాట, అక్షరం రాని ఆమె చేపల చెరువు గట్టున కట్టుకున్నది.

“ఏం రాశావే?” అన్నయ్య నావైపు తిరిగాడు.

“అయ్యగారండీ, ఆ మూడోది...” ఆమె అన్నయ్య ముఖం చూసి ఆగారు. “ఓసారి పెట్టించండి. అందరం పాడదాం.”

అందరితో పాడాను కానీ, నిజం చెప్పలేదు. ఆ తర్వాత ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఇప్పటికైనా సంఘంలో లేచి ఆమె పేరు చెప్పే ధైర్యం కోసం నాతో కలిసి ప్రార్థించండి.