పుట్టిల్లు అనే గ్రూపు

సింక్ కావాలంటే ఆ ఫోను కనీసం ఆన్‌లో ఉండాలి కదా? ఆఫీసులో ఈ మాట నాలుగుసార్లు అడిగాను. ఒక్కరూ సరైన జవాబు చెప్పలేదు. "నువ్వే ఎప్పుడో చేసుకుని మర్చిపోయుంటావు" అని నవ్వి ఎవరి సిస్టమ్ వైపు వాళ్ళు తిరిగిపోయారు. మర్చిపోవడానికి నాకేమైనా ఎనభై ఏళ్ళా? ఇరవై నాలుగు. నిద్రపోయేటప్పుడు తప్ప ఫోను నా చేతిలోంచి దిగదు. అందులో ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్తాను.

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట. చెన్నైలో పెరిగాను. హాస్టల్లో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే "నువ్వు చూశావా? లేదు కదా, మరి నోరు ముయ్యి" అనేదాన్ని. ఇప్పుడు నేను చెప్తున్నది కూడా దయ్యం కథ కాదు. ఏం జరిగిందో అదే వరసలో చెప్తాను. తప్పు ఎక్కడుందో పట్టుకోండి.

మా నాన్నకు ఒక్క అక్క. తిరుత్తణిలో ఉండేది. మామ పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. పక్క వీధిలో మామ తమ్ముడి కుటుంబం ఉంది. ఆయన్ని నేను చిన్నమామ అంటాను. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నాన్న రెండేళ్ళ క్రితం పోయారు. తర్వాత నాకు తిరువళ్ళూరులో ఉద్యోగం వచ్చింది. స్టేషను దగ్గర ఒక మేడగది అద్దెకు తీసుకున్నాను. నంబరు కూడా మార్చాను. కొత్త నంబరు అత్తకు తప్ప ఆ వైపు ఎవరికీ ఇవ్వలేదు. చిన్నమామ వాళ్ళు నాకేమవుతారులే అనుకున్నాను.

ఒక ఆదివారం అత్తకు స్మార్ట్‌ఫోను కొనిచ్చాను. షాపులో ఇన్ని రంగుల కవర్లుంటే ఆవపువ్వు రంగుదే కావాలంది. ఇంటికొచ్చి నంబర్లు ఎక్కించడం మొదలుపెట్టాను. ఆమె దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం ఉండేది, ఇంటికొక పేజీ. మొదటి పేజీ పుట్టిల్లు, తర్వాత అత్తిల్లు, ఆ తర్వాత వాళ్ళ వియ్యాలవారు, చివర పాలమనిషి, మందుల షాపు. ఫోన్లోనూ అదే వరసలో గ్రూపులు కావాలంది. మంచికైనా చెడుకైనా కబురు ఆ వరసలోనే పోవాలట. ముందు పుట్టింటికి చెప్పకుండా ఇంకెవరికీ చెప్పకూడదట.

"మీ పుట్టింట్లో ఇప్పుడెవరున్నారత్తా? నేనొక్కదాన్నే. ఒక్క నంబరుకి గ్రూపెందుకు?" అన్నాను.

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అత్త తలెత్తలేదు. "ఒకటుంటే చాల్దా మే? సున్నా అయితే గదా బాధ."

సరేనని ఇంగ్లీషు అక్షరాల్లో 'పుట్టిల్లు' అని కొట్టి, అందులో నా నంబరు పెట్టాను. నన్ను నేను 'దివ్య ఆఫీస్ న్యూ' అని సేవ్ చేశాను. అత్త కూడబలుక్కుని చదివింది. "ఇదెవురు మే? ఆఫీసు యాడ, నువ్వు యాడ? తమ్ముని పాప అని పెట్టు. తెలుగులో పెట్టు."

ఆ ఫోన్లో ఇంగ్లీషు, తమిళం కీబోర్డులే ఉన్నాయి. తెలుగుది తర్వాత పెడతానన్నాను. నోటుపుస్తకం అంచులు చీకిపోయి ఉంటే ఇక ఇదెందుకని పాతపేపర్ల కట్టలో పడేశాను.

అత్తకు ఈమెయిలు అకౌంటు లేదు. కొత్తది తెరవాలంటే ఇంకో అరగంట. నాకు రైలు టైమవుతోంది. అందుకని నా అకౌంటునే ఆమె ఫోన్లో పెట్టాను. తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళకు ఒక్కమాట: అలా పెడితే నా నంబర్లన్నీ ఆమె ఫోన్లోకీ, ఆమెవన్నీ నా ఫోన్లోకీ వచ్చేస్తాయి. ఒకచోట తీసేస్తే రెండు చోట్లా పోతాయి.

పదిరోజుల తర్వాత మా టీమ్ లీడ్ తన ఫోను స్పీకర్లో పెట్టి అందరికీ వినిపించాడు. "హలో నాయనా, నేను దివ్య వాళ్ళత్తని. పాప తిన్నిందా? ఎండలో తిప్పబాకండి నాయనా, దానికి తలనొప్పి." పన్నెండుమంది నవ్వారు. ఆ రోజంతా ఎవరు ఎదురొచ్చినా "పాప తిన్నిందా" అనే పలకరింపు.

సాయంత్రం ఫోన్ చేసి అరిచాను. నీకు వేరే పని లేదా, నా పరువు తీస్తావా అన్నాను.

"నీ పేరనుకోని నొక్కినాను మే. అన్నీ ఇంగ్లీషే గదా. ఆయప్ప ఎత్తినాక పెట్టేస్తే మర్యాదగా ఉండదని మాట్లాడినా" అంది అత్త.

నేను పెట్టేశాను. ల్యాప్‌టాప్ తెరిచాను. నా అకౌంటులోంచి ఆమె నంబరుతో సహా ఆమెవన్నీ, గ్రూపులు కూడా సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాను. ఇవి అన్ని ఫోన్లలోంచీ పోతాయి, సరేనా అని తెర మీద అడిగింది. ఆ మాట చూడలేదని ఇన్నాళ్ళూ అందరికీ చెప్తూ వచ్చాను. చూశాను. చదివాను. నొక్కాను. తర్వాత ఆమె ఫోన్ని నా అకౌంటు నుంచే సైన్ అవుట్ చేసేశాను. ఆ ఫోన్లో ఒక్క పేరు కూడా మిగలదని నాకు తెలుసు. వచ్చే ఆదివారం వెళ్ళి ఆమెకు వేరే అకౌంటు తెరిచి పెడదాంలే అనుకున్నాను.

ఆ ఆదివారం వెళ్ళలేదు. ఆ తర్వాతిదీ వెళ్ళలేదు. ఆమె ఫోన్ చెయ్యలేదు కాబట్టి అలిగిందనుకున్నాను, అలిగితే అలగనీ అనుకున్నాను. ఆరు వారాలు అలా గడిచాయి. సాయంత్రం గదికొచ్చి తలుపేసుకుని ఫోను పట్టుకుంటే అందులో ఆరువందల చిల్లర పేర్లు. పై నుంచి కిందికి జరుపుతూ పోతే, ఊరికే ఫోన్ చేసి తిన్నావా అని అడగదగ్గ పేరు ఒక్కటి దొరకదు. మళ్ళీ పై నుంచి జరిపేదాన్ని.

అది బుధవారం. పొద్దున పది గంటల పన్నెండు నిమిషాలకు ఆఫీసులో కొత్త క్లయింటు నంబరు ఒక గ్రూపులో చేర్చడానికి కాంటాక్ట్స్ తెరిచాను. టైము ఎందుకు గుర్తుందంటే వెంటనే స్క్రీన్‌షాట్ తీశాను. గ్రూపుల్లో అన్నిటికంటే పైన, తెలుగు అక్షరాల్లో, 'పుట్టిల్లు' అని ఉంది. లోపల ఒక్క నంబరు. 'తమ్ముని పాప'. ఆ నంబరు నాదే.

నాకు భయం వెయ్యలేదు. ఒళ్ళు మండింది. ఫోను కొనిచ్చిన రోజు ఆమె ముందే పాస్‌వర్డు కొట్టాను. గుర్తుపెట్టుకుని పక్కింటివాళ్ళెవరి చేతనో నా అకౌంటు తెరిపించిందనుకున్నాను. అడుగుదామంటే ఆమె నంబరు నా దగ్గరా లేదు, నేనే తీసేశాను కదా. పాత కాల్స్‌లో ఆరు వారాలు వెనక్కి వెళ్ళాను. పేర్లు లేని నంబర్ల మధ్య ఆమెది ఏదో తేల్చుకోవడానికి నాకే పది నిమిషాలు పట్టింది. చేస్తే స్విచ్డ్ ఆఫ్.

సగం రోజు సెలవు పెట్టి రైలెక్కాను. అరక్కోణంలో బండి చాలాసేపు ఆగింది. అక్కణ్ణుంచి తిరుత్తణి దాకా ఏమేం అనాలో వరసగా తయారు చేసుకున్నాను. నా అకౌంటు ఎవరి చేతికిచ్చావు? అందులో నా ఆఫీసు మెయిళ్ళున్నాయని తెలుసా?

వీధి మలుపు తిరిగేసరికి ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. మగవాళ్ళు తువ్వాళ్ళు భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. చిన్నమామ నన్ను చూసి చేతిలో ఫోను చెవి దగ్గరే ఉంచుకుని నిలబడిపోయాడు.

"నీకెవురు చెప్పినారు?"

నేను కుర్చీల వైపు చూస్తున్నాను.

"మీ నాయన పాత నంబరుకే పొద్దున్నించీ కొడతా ఉండా. నీ నంబరు ఎవురికీ తెలీదు. వదిన నోటుపుస్తకం యాడుందో కనబళ్ళా. ఆమె ఫోను చూస్తే రిపేరుకిచ్చిందంట. ఎవురు చెప్పినారమ్మా నీకు?"

అత్త తెల్లవారుజామున నిద్రలోనే పోయింది. ఆరు గంటలకు పాలు తెచ్చిన చిన్నత్త, అంటే చిన్నమామ భార్య, చూసింది. మాలో పుట్టింటివాళ్ళు తెచ్చిన చీర కప్పకుండా ఆడమనిషి శవాన్ని లేపరు. అందుకే ఆగి ఉన్నారు. కొందరు ఇంక లాభం లేదు, మేమే ఏదో ఒకటి కప్పి కానిచ్చేస్తామంటున్నారు. "పుట్టింట్లో ఎవురుండారు ఇంక?" అని ఒక ముసలాయన అంటూ ఉండగానే నేను లోపలికి వెళ్ళాను.

నేను చీర తేలేదు. తిట్టడానికి వచ్చినదాన్ని చీరెందుకు తెస్తాను?

చిన్నత్త నన్ను వెంటపెట్టుకుని బజారుకు తీసుకెళ్ళింది. నేను ఆవపువ్వు రంగు చీర తీయించాను. తెచ్చి విప్పగానే చిన్నమామ మొహం మాడ్చాడు. "మొగుడు లేనామెకు ఆ రంగా? తెల్లది తేవాల."

"ఆ కవరు మీరు చూశారా?" అని అరిచాను. ఏ కవరో అక్కడెవరికీ అర్థం కాలేదు. "ఫోను కవరు! ఇన్ని రంగుల్లో ఏది అడిగిందో మీకు తెలుసా? నాకు తెలుసు. ఇదే కప్పుతాను. ఎవరు ఆపుతారో ఆపండి."

ఇందాకటి ముసలాయనే గొంతు సవరించుకున్నాడు. "విడు సామీ. చీర పుట్టింటోళ్ళది. వాళ్ళిష్టం" అన్నాడు.

వాళ్ళంటే నేనొక్కదాన్నే. కప్పాను.

మర్నాడు స్టేషను రోడ్డులో ఫోన్లు బాగుచేసే షాపుకి వెళ్ళాను. ఆవపువ్వు రంగు కవరుతో ఫోను అరలో ఉంది. పైన కాగితం అంటించి ఉంది, సోమవారం ఇచ్చినట్టు. ఛార్జింగ్ పిన్ను కాలిపోయిందని, సోమవారం నుంచి అది వెలగలేదని షాపాయన చెప్పాడు. ఆయనది తమిళం కలిసిన తెలుగు.

"ఛార్జింగ్ కోసం వచ్చింది కాదమ్మా ఆ పాట్టి, అదే ఆ అవ్వ. నంబర్లన్నీ పోయినాయి, మా పాప నంబరొకటి తీసిస్తే చాలు, తక్కినవి వేణ్డా, వద్దు అనింది. అకౌంటు పాస్‌వర్డు కావాలమ్మా అంటే నాకు తెలీదు నాయనా, పాపకే తెలుసు, పాప కోపంగా ఉండాది, తగ్గినాక అడుగుతానని పోయింది."

పిన్ను నా ఎదురుగానే మార్చమన్నాను. ఫోను వెలిగింది. కాంటాక్ట్స్ ఖాళీ. అకౌంటు ఏదీ లేదు. తెలుగు కీబోర్డు లేదు. కాల్స్‌లో మాత్రం పేర్లు లేని నంబర్లు ఉన్నాయి. ఎవరెవరికో ఒక్కొక్కసారి చేసి, ఒక్కొక్క నిమిషం మాట్లాడి పెట్టేసింది. ఆ నంబర్లు కిందికి జరుపుతూ పోయాను. నాది చాలా కింద ఉంది. అక్కడిదాకా ఆమె రాలేదు.

నా అకౌంటు ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూశాను. నా ఫోను, నా ల్యాప్‌టాప్. మూడోది లేదు. ఆ రెండింటిలోనూ తెలుగు కీబోర్డు లేదు. బుధవారం పొద్దున ల్యాప్‌టాప్ నా గదిలో తాళం వెనక ఉంది. ఫోను నా చేతిలో ఉంది.

చిన్నమామకు స్క్రీన్‌షాట్ చూపించాను. చూసి ఫోను తిరిగి ఇచ్చేశాడు. "కబురు ముందు పుట్టింటికి పోవాల. పోయింది" అన్నాడు. తన నంబరు చెప్పి, నాది రాసుకున్నాడు.

ఆ గ్రూపు ఇంకా నా ఫోన్లోనే ఉంది. ఏ గ్రూపు కిందికీ జరగకుండా పైనే ఉంటుంది. గదిలో ఏమీ తోచనప్పుడు తెరిచి ఆ ఒక్క పేరు నొక్కుతాను. నా నంబరుకి నేనే చేసుకుంటున్నాను కాబట్టి బిజీ అని వస్తుంది. దాన్ని ఎవరు పెట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

సింక్ ఆలస్యమైందంటారా? సరే. నేను డిలీట్ చేసింది ఇంగ్లీషు అక్షరాల గ్రూపు, దివ్య ఆఫీస్ న్యూ. తిరిగొచ్చింది తెలుగు అక్షరాల గ్రూపు, తమ్ముని పాప. ఆ పేరు ఆ పొద్దున ఎవరి వేళ్ళు కొట్టాయో, మీకంత తెలిస్తే చెప్పండి చూద్దాం?