మబ్బును పొమ్మనని సారు

మా సైన్సు సారు పోయారు. పొద్దున్నే ఆలూరు నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేసి, "అన్న పాయనప్పా" అన్నాడు.  

బడిలో ఆయన కిటికీలన్నీ మూయించి, ఒక రెక్కకున్న చిల్లులోంచి ఎండను రానిచ్చేవారు. ఎదురుగోడ మీద రూపాయి బిళ్లంత సూర్యుడు పడేవాడు. "దినామూ నెత్తిన మోస్తాండామే గానీ, ఈయప్ప మొగం ఎప్పుడన్నా చూసినామా?" అనేవారు. కొడైకెనాల్ కొండ మీద పాత వేధశాల ఉందనీ, అక్కడ సూర్యబింబాన్ని తెర మీదికి దింపి మచ్చలతో సహా జనానికి చూపిస్తారనీ చెప్పింది ఆయనే. ఒక్కసారి అది చూడాలని ఆయనకు ఎంత ఆశో. బడీ, వాననే నమ్ముకున్న మెట్ట సేద్యమూ వదిలి కదిలితే కదా!

పోయిన ఏడాది నేనే పట్టుబట్టి తీసుకెళ్లాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పెళ్లికి బయల్దేరినట్టు బయల్దేరారు. మేం లోపల అడుగుపెట్టామో లేదో, మబ్బు కమ్మేసింది. తెర మీద ఏమీ లేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఉసూరుమన్నారు. నాకు ఒళ్లు మండి, "ఈ పాడు మబ్బు పోతే బాగుండు" అన్నాను.

సారు నా చెయ్యి పట్టుకున్నారు. "తప్పప్పా. మబ్బును పో అనగూడదు. మన నోట ఆ మాట రాగూడదు."

వెంటనే తమ్ముడికి ఫోన్ చేశారు. "ఈడ శానా మబ్బు పట్టిండాది. ఆడ పట్టిండాదా?"

"యాడిదన్నా, ఎండ మండిపోతాండాది."

సారు నవ్వారు. "సూర్యుడు మన చేన్లో ఉండాడంట. ఈడెట్లా దొరుకుతాడు?"

తలుపులు మూసేదాకా ఆ ఖాళీ తెర ముందే నిలబడ్డారు. కొండ దిగుతూ, "శెనక్కాయ పీకినాక ఇంకోతూరి వద్దాం లేప్పా" అన్నారు. శెనక్కాయ పీకేనాటికి ఆయన మంచాన పడ్డారు, మళ్లీ లేవలేదు.

ఆయనను వాళ్ల చేన్లోనే పూడ్చారు. గుంత దగ్గరికి చేరేసరికి పడమట మబ్బు లేచింది. "వాన వచ్చేట్టుండాది, బిన్నా కానీండప్పా" అన్నారెవరో. కడసారి చూపుకని ముఖం మీది గుడ్డ తొలగించారు. ఒక్క నిమిషం ఎండొచ్చి ఆ ముఖం మీద పడితే చాలనిపించింది. పో అన్న మాట నోటిదాకా వచ్చింది. ఈసారి నా చెయ్యి పట్టుకోవడానికి ఆయన లేరు. అయినా అనలేకపోయాను.

సారు నుదుటి మీద చినుకు పడింది. తమ్ముడు తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.