చివరి సున్నా తీసేసిన రోజు

ఒక్క సున్నా తీసేస్తే మనిషి పరువు ఎంత దూరం పోతుందో తెలియాలంటే నా పీహెచ్‌డీ కథ వినాలి. నా కడుపుమంట ఇంకా చల్లారలేదు, కాబట్టి మధ్యలో నవ్వకండి.

తొలి శతాబ్దాల క్రైస్తవులు ఏ సిద్ధాంతం కోసం ఎవరితో తగువు పడ్డారన్నది నా పరిశోధన. అశోక్‌నగర్‌లో నా గది చుట్టూ అందరూ గ్రూప్స్ చదివేవాళ్లే. "అన్నా, నీ నోటిఫికేషన్ ఎప్పుడు పడ్తది?" అని ప్రాణం తీసేవాళ్లు. ఈ పట్టా వస్తేనే నాకు కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం. లేకపోతే నేనూ వాళ్ల పక్కన చాప వేసుకోవాల్సిందే.

గ్రంథం ఇచ్చే ముందురోజు మా గైడు డాక్టర్ సంఘమిత్ర గారు ఫోన్ చేశారు.

"పరీక్షకు వచ్చే ఫాదర్ గారు క్యాథలిక్. చర్చిని మనం సంఘం అంటం, వాళ్లు సభ అంటరు. గౌరవంగ ఉంటది, మార్చు. జర ఒక్కొక్కటి చూస్కుంట మార్చు."

ఒక్కొక్కటి చూడడమా! నాలాంటి మేధావి చేసే పనేనా అది? చిక్కడపల్లి డీటీపీ షాపుకు పరుగెత్తాను. 'సంఘం' అని కొట్టి అన్నిచోట్లా 'సభ' చేయించాను. అయినా 'సంఘ చరిత్ర', 'సంఘ పితరులు' అలాగే మిగిలాయి.

"చివరి సున్నా తీసేసి మళ్ల కొట్టన్నా," అన్నాను.

"వేరే మాటలు గూడ మారినయేమో, ఒక్కసారి చదువుకో," అన్నాడు షాపాయన.

"నా పుస్తకం నాకు తెల్వదా? ప్రింట్ కొట్టు!"

నారాయణగూడలో మౌఖిక పరీక్ష. ఫాదర్ గారు కళ్లజోడు సవరించుకున్నారు.

"బాబూ, ఈ 'సభటన' అంటే ఏంది?"

అది 'సంఘటన'! తప్పయిందని ఒక్క మాట అంటే పోయేది. నా నోరు ఊరుకుంటే కదా!

"సభ వల్ల జరిగిన ఘటన, ఫాదర్. నేనే పుట్టించిన పదం."

"మరి సభర్షణ?"

"సభ లోపలి ఘర్షణ."

"భేష్!" అని ఆయన మొదటి పేజీకి తిప్పారు. "మరి ఈ డాక్టర్ సభమిత్ర ఎవరు?"

"సభకు మిత్రురాలైన..." అంటూ నేను మొదలుపెట్టేశాను కూడా.

"నేనే ఫాదర్," అన్నారు పక్క కుర్చీలోంచి మా మేడమ్. "నిన్నటిదాంక సంఘమిత్రను."

ఫాదర్ గారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. పట్టా ఇచ్చారు, కానీ ప్రతి కాపీలో ప్రతి తప్పూ నా చేత్తోనే దిద్దమన్నారు. "ఒక్కొక్కటి చూస్కుంట," అన్నారు మేడమ్.

ఉద్యోగం వచ్చింది. అంతా మర్చిపోయారనుకుంటే, మొన్న ఒక విద్యార్థిని లైబ్రరీలోంచి నా గ్రంథం పట్టుకొచ్చింది.

"సార్, మీ సభటన సిద్ధాంతం మీద పీహెచ్‌డీ చేస్త."

ఒక కాపీ దిద్దడం మర్చిపోయాను!

అందుచేత సకల జనులకూ ఇదే నా ప్రమాణం. ఇకపై చివరి సున్నానే కాదు, మధ్య సున్నా కూడా ముట్టను. బైబిలు మీద కాదు, సంఘమిత్ర గారి మీద ఒట్టు. దేవుడైతే క్షమిస్తాడు.