పాత పాటకు నిలవని వేళ్లు

పలాసలో జీడిపప్పుకు పొట్టు తీయడం నాకు మా మేనత్త నేర్పింది, ఒక పాత సినిమా పాట పాడుతూ. నెమ్మదైన పాట అది. ఒక్కో పాదం అయ్యేలోగా ఒక్కో పప్పు పొట్టు వదలాలి. విరగని పప్పును మేము గుండు అంటాం. తొందరపడితే అది రెండు బద్దలయ్యేది, వెంటనే నా నెత్తిన అత్త మొట్టికాయ పడేది.

ఈమధ్య ఆ పాటనే ఏదో కొత్త సినిమా కోసం డప్పులూ అరుపులూ కలిపి మళ్లీ చేశారు. ఆటోల్లో అదే, టీకొట్టులో అదే, మేము పప్పు ఒలిచే షెడ్డులో ఆడపిల్లల ఫోన్లలోనూ అదే. విన్నప్పుడల్లా ఒళ్లు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక అరిచాను.

"ఆపండే! ఏటే ఈ గోల? బంగారంలాటి పాటని పీక నులిమీసినారు కదే!"

పక్కన కూర్చునే పిల్ల నవ్వింది. "కోప్పడకు పిన్నీ, నీ పాతదే ఎడతాను ఉండు," అని ఫోన్లో పాత పాట పెట్టింది. మిగతా పిల్లలూ తమ ఫోన్లు ఆపేశారు. నేను గెలిచినదానిలా పప్పు చేతిలోకి తీసుకున్నాను.

ఆ గాయని మొదటి పాదం ఇంకా సాగదీస్తూనే ఉంది, నా వేళ్లు ఆగలేదు. ఎప్పుడు అలవాటైపోయిందో గానీ, అవి కొత్త పాట దరువుకే ఆడుతున్నాయి. పల్లవి అయ్యేసరికి నా చాట నిండా బద్దలే.

ఆ పిల్ల చాటలోకి చూసి, "కొత్తది ఎట్టీమంటావా పిన్నీ?" అంది మెల్లగా.

"నోర్ముయ్యవే" అన్నాను. అన్నానే గానీ, అత్త పాట ఎప్పుడైపోతుందా అని చూస్తున్నాను.